మూడు షిల్లింగుల బాకీ

మా నాన్న ఖాతా పుస్తకంలో పదిహేడో పేజీ:
"సిలుమెసి మాస్టారు. వెనక చక్రం ట్యూబు ఒకటి.
మూడు షిల్లింగులు. జీతం రాగానే."
కింద ఏమీ లేదు,
చచ్చి అతుక్కుపోయిన చీమ తప్ప.

అప్పటికాయన ఇంకా దేశం కాదు.
గని కాలనీ బడిలో లెక్కలు చెప్పే పొట్టి మనిషి,
నవ్వితే పంటి సందు కనపడేది.
వారానికోసారి పంక్చరయ్యేది ఆయన సైకిలు.
ఇన్ని మేకులు ఈయనకే ఎందుకు దొరుకుతాయని అడిగితే
నాన్న నా నెత్తిన ఒకటి మొట్టి
సీటు ఊడదీసి చూపాడు:
గొట్టం నిండా చుట్టలు చుట్టిన కాగితాలు.
"చూశావుగా. ఇక నువ్వు చూడలేదు."

ఆయన్ని తీసుకుపోయిన రాత్రి
కుక్కలు మాత్రం మొరిగాయి.
సైకిలు మా కొట్లోనే ఉండిపోయింది,
నాలుగేళ్లు.
అమ్మ దాని హ్యాండిలుకి కపెంటా చేపల సంచీ తగిలించేది.
నాన్న నెలకోసారి గాలి కొట్టేవాడు,
ఊపిరుందో లేదో చూస్తున్నట్టు.

తర్వాత ఒక అర్ధరాత్రి
ఒక జెండా దిగింది, ఒక జెండా ఎక్కింది.
రేడియోలో ఆయన గొంతు.
ఎక్కాలు చెప్పిన గొంతే,
"అర్థమైందా?" అని మధ్యలో ఆగే గొంతే.
వీధంతా ఏడ్చింది. ఏడుస్తూనే అమ్మ
"ఆ మూడు షిల్లింగులు ఇక వస్తాయంటావా?" అంది.
నాన్న అంతగా నవ్వడం మళ్లీ చూడలేదు.

నిజం చెప్పాలి. బడులు కట్టాడు.
మా చెల్లి నసిలెలే నర్సయింది,
ఆయన లేకపోతే గనివాళ్ల బట్టలుతుకుతూ ఉండేది.

ఇదీ నిజమే:
ఆయన బొమ్మ లేని కొట్టుకి లైసెన్సు లేదన్నారు.
టైర్ల మధ్య మేకు కొట్టి తగిలించాం.
ఏటా కొత్త బొమ్మ వచ్చేది,
ఏటా పంటి సందు కాస్త పూడేది.
ఎన్నికల్లో ఒకటే పేరు.
అవునంటే ఆయన, కాదంటే తొండ గుర్తు.
మా అన్న ములాకో సారా కొట్లో అన్నాడు:
"నా ఓటు తొండకే.
అది కనీసం ఎండలో నిలబడుతుంది."
ఆ మాటకి పద్నాలుగు నెలలు.
తిరిగొచ్చాక సారా మానేశాడు, జోకులూ మానేశాడు.
మంచిదేలే అంది అమ్మ,
మంచిదన్నట్టుగా కాదు.

రాజధాని మ్యూజియంలో అద్దాల వెనక ఒక సైకిలుంది:
"జాతిపిత తొక్కిన వాహనం."
వెళ్లి చూశాను. బ్రేకులు వేరు, బెల్లు వేరు.
అసలుది మా కొట్లో ఉందని కాపలావాడితో అనబోయి
ములాకో గుర్తొచ్చి బస్సెక్కాను.

సంకటి పిండి ధర రెండింతలైన ఏడు
ఆడవాళ్లు ఖాళీ కుండలు వాయిస్తూ రోడ్డెక్కారు.
ఆ రాత్రంతా నసిలెలే వార్డులో తూటాలు తీసింది.
చివరికి ఎన్నికలు పెట్టాడు, ఓడాడు.
ఆయన ఖాతాలో ఇది కూడా రాయాలి:
ఓడి, ఇల్లు ఖాళీ చేశాడు.

మొన్న, జకరండా పూలు టైర్ల కింద నలుగుతున్న వేళ
కొట్టు ముందు చేతికర్రతో ఒక ముసలాయన.
వెంట ఒక్క కుర్రాడు, గొడుగు పట్టుకుని.
"మీ నాన్నకి బాకీ ఉన్నాను."
నాన్న పోయి పదకొండేళ్లని చెప్పాను.
చాలాసేపు జేబు తడిమి
మూడు నాణేలు బల్ల మీద పెట్టాడు.
మూడింటి మీదా ఆయన ముఖమే.
కొత్త ప్రభుత్వం రద్దు చేసిన నాణేలు, చెల్లవు.
ఆయనకి తెలుసో, తెలీదో.
బొమ్మ తీసేసిన చోట గోడ మీద
చదరంగా తెల్లటి మచ్చ.
దాన్ని చూశాడో లేదో, అదీ తెలీదు.

అప్పుడే లోపల్నుంచి ములాకో వచ్చాడు.
ఒకరినొకరు చూసుకున్నారు.
ఏదో జరుగుతుందనుకున్నాను.
ములాకో మూలనున్న సైకిలు బయటికి లాగి
వెనక చక్రానికి పంపు తగిలించి
గాలి కొట్టడం మొదలుపెట్టాడు,
ఎక్కడ పోతోందోనని
టైరుకి చెవి ఆనించి వింటూ.

ముసలాయన కూడా కర్ర పక్కన పెట్టి
వంగాడు, వినడానికి.